పదహారేళ్ల వాళ్ల చేతుల్లో మన పిల్లలు

ఏటా జూన్ మొదలవగానే అమెరికాలో స్కౌట్ వేసవి క్యాంపుల సందడి మొదలవుతుంది. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా లాంటి చోట్ల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ క్యాంపులకు వెళ్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం పిల్లవాణ్ణి అక్కడ దింపి వెనక్కి తిరిగే తల్లిదండ్రుల మనసులో ఉండే సందేహాలు తెలిసినవే. శాకాహారం దొరుకుతుందా? సరస్సులో దిగితే పక్కన ఎవరుంటారు? రాత్రి ఇంటి మీద బెంగ పెట్టుకుంటే ఎవరితో చెప్పుకుంటాడు? వీటిలో చాలావాటికి జవాబు క్యాంపులో పనిచేసే సిబ్బంది దగ్గరే ఉంది. ఆ సిబ్బందిలో ఎక్కువమంది హైస్కూల్లోనో కాలేజీలోనో చదువుతున్న పిల్లలే. వాళ్లు రోజుకు ఎన్ని గంటలు పడుకుంటున్నారు, పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, తమకే కష్టం వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు అని మాత్రం మనం అడగం. అడిగి తీరాలని నా వాదన. క్యాంపు తన సిబ్బంది నుంచి రోజూ ఎంత ఆశిస్తుందో అంతకు సరిపడా అండ వాళ్లకు ఇవ్వాలి. ఆ అండ లేనిచోట నియమావళి ఎంత గొప్పగా ఉన్నా, దాన్ని అమలుచేయవలసిన చేతుల్లో సత్తువ ఉండదు.

ముందు వాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. స్కౌట్ ట్రూపులు, అంటే పిల్లల దళాలు, ఆదివారం వచ్చి శనివారం వెళ్లిపోతాయి. సిబ్బంది మాత్రం అంతకు ముందే వచ్చి శిక్షణ పొంది, ఆరేడు వారాల పాటు అక్కడే టెంట్లలో ఉంటారు. ఉదయం జెండా వందనానికి యూనిఫారంలో వరసలో నిలబడాలి. అల్పాహారం అయ్యాక మధ్యాహ్నం దాకా, ఒక్కో నైపుణ్యానికి గుర్తుగా ఇచ్చే మెరిట్ బ్యాడ్జ్ తరగతులు నడపాలి. ఒకరు ప్రథమ చికిత్స చెప్తారు, ఒకరు తాళ్లకు ముడులు వేయడం నేర్పుతారు, ఇంకొకరు పడవ నడపడం, మరొకరు విలువిద్య. భోజనం తర్వాత కాస్త విరామం, మళ్లీ సాయంత్రం దాకా తరగతులు, జెండా దించడం, రాత్రి భోజనం, ఆ తర్వాత ఆటలో, క్యాంప్ ఫైర్ పాటలో, నాటికలో. భోజనాల దగ్గర కూడా సిబ్బంది పిల్లల బల్లల దగ్గరే కూర్చుని వాళ్లతో మాట కలపాలి. పిల్లలు గుడారాల్లోకి వెళ్లాక రేపటి సామాను సర్దుకోవడం, బ్యాడ్జ్ రికార్డులు రాసుకోవడం, కొన్ని క్యాంపుల్లో సిబ్బంది సమావేశం. ఇంతసేపూ ముఖంలో చిరునవ్వు చెదరకూడదు, నోట దురుసు మాట రాకూడదు. ఆరో వారంలో వచ్చిన పిల్లవాడికి ఇదే మొదటి వారం కనుక, మొదటి వారం చూపిన ఉత్సాహమే ఆరో వారంలోనూ చూపించాలి.

ఇన్ని ఆశించడం తప్పని నేను అనను. పదకొండేళ్ల పిల్లవాడు పెద్దవాళ్లు చెప్పినదాని కంటే తనకన్నా నాలుగైదేళ్లు పెద్దవాడైన కుర్రవాడు చేసి చూపించినదాన్ని త్వరగా పట్టుకుంటాడు. స్కౌట్ ఉద్యమం మొత్తం నిలబడింది ఈ నమ్మకం మీదే. కాబట్టి ఆ కుర్రవాడి నుంచి క్రమశిక్షణ, శుభ్రత, సమయపాలన కోరడం న్యాయమే. చిక్కంతా ఆ కోరికలకు తగిన ఏర్పాట్లు ఎవరు చేస్తారన్న దగ్గర వస్తుంది.

ఈ చిక్కు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది నీళ్ల దగ్గర. అమెరికా స్కౌట్ సంస్థ ఈత నియమాలు చాలా జాగ్రత్తగా రాసినవి. వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఈత పరీక్ష ఉంటుంది. వంద గజాలు ఈది, అందులో చివరి ఇరవై ఐదు గజాలు వెల్లకిలా అలసట లేకుండా ఈది, ఆపైన కదలకుండా నీటి మీద తేలి చూపిస్తేనే 'ఈతగాడు' అనే వర్గంలో చేరుస్తారు. అది చేయలేని వాళ్లకు లోతు తక్కువ ఉన్న చోట్లు వేరుగా కేటాయిస్తారు. ఎవరూ ఒంటరిగా నీళ్లలో దిగరు, ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉంటుంది. దాదాపు పది నిమిషాలకు ఒకసారి విజిల్ వేసి జోడీలు చేతులు పట్టుకున్నాయో లేదో లెక్క చూస్తారు. పదిమంది ఈదేవాళ్లకు ఒక రక్షకుడు ఉండాలి, అంతా కనిపించే చోట నిలబడి పరికించే మనిషి ఒకరు విడిగా ఉండాలి. ఇంత పకడ్బందీ నియమం కూడా చివరికి ఒక కుర్రవాడి చూపు మీద ఆధారపడి ఉంది. నీళ్లలో మునిగిపోయేవాళ్లు సినిమాల్లో లాగా కేకలు పెట్టరు, చేతులు ఊపరు. న్యూయార్క్ తీరంలో లైఫ్ గార్డుగా పనిచేసిన ఫ్రాన్సెస్కో పియా దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించి చెప్పాడు. ఊపిరి కోసం పెనుగులాడే మనిషికి అరిచే శక్తి ఉండదు, పైపైన చూస్తే నిలబడి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఆ పెనుగులాట ఇరవై నుంచి అరవై సెకన్లలో ముగిసిపోతుంది. అంటే రక్షకుడు ఒక్క నిమిషం పరధ్యానంలో ఉంటే చాలు.

మనిషి చూపు ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్నకు కూడా జవాబు పాతదే. రెండో ప్రపంచ యుద్ధం నాటి రాడార్ ఆపరేటర్ల ఇబ్బంది నుంచి పుట్టిన ప్రశ్న అది. నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రజ్ఞుడు గడియారం లాంటి పరికరం ముందు మనుషుల్ని రెండు గంటలు కూర్చోబెట్టి, ముల్లు అరుదుగా ఒకేసారి రెండింతల దూరం దూకినప్పుడు గుర్తించమన్నాడు. 1948లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం మొదటి అరగంట దాటగానే గుర్తించే శక్తి తగ్గింది. వాళ్లు సోమరులు కారు, శిక్షణ లేనివాళ్లూ కారు. మార్పు లేని దృశ్యాన్ని చూస్తూ ఉండే ఏ మనిషికైనా అంతే. కాబట్టి లైఫ్ గార్డును తరచూ మార్చడం, ఎండలో నిలబెట్టకుండా గొడుగు ఇవ్వడం, విరామంలో వేరే పని చెప్పకుండా వదిలేయడం అతనిపై దయతో చేసేవి కావు. పిల్లవాడి ప్రాణానికి అవి కూడా రక్షణ ఏర్పాట్లే. కానీ సిబ్బంది తక్కువైన వారంలో మొట్టమొదట కోత పడేది ఈ మార్పిడి మీదే.

నిద్ర సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రావైద్య సంఘం 2016లో చెప్పింది, పిల్లల వైద్యుల సంఘం దాన్ని బలపరిచింది. పదిన్నరకు పిల్లలు పడుకుని, పదకొండున్నరకు సిబ్బంది సమావేశం ముగిసి, పొద్దున ఆరున్నరకు లేవాలంటే దక్కేది ఏడు గంటలు, అదీ పడుకోగానే నిద్రపడితే. ఒక్క రాత్రికైతే ఫర్వాలేదు, కానీ ఈ లోటు ఆరు వారాలు పేరుకుంటుంది. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో చూపించిన లెక్క ఒకటి ఉంది. పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానం. మన దేశంలో బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. ఉదయం ఆరుకు లేచిన కుర్రవాడు రాత్రి పదకొండుకు, వాంతులతో వచ్చిన పిల్లవాణ్ణి ఇప్పుడే నర్సు దగ్గరికి తీసుకెళ్లాలా, పొద్దున దాకా ఆగవచ్చా అని తేల్చుకోవలసి వచ్చే స్థితి ఇది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం మనలో చాలామందికి సబబుగానే తోస్తుంది. స్కౌటింగ్ అంటేనే కష్టానికి అలవాటు పడటం కదా, ఆ వయసులో కాస్త నిద్ర తగ్గితే ఏమవుతుంది, ఇంత సుకుమారం అయితే స్కౌట్ ఎందుకు అని. స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ పేరు కూడా ఈ వాదనకు తోడు తెస్తారు. అయితే ఆయన 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో నడిపిన మొట్టమొదటి క్యాంపును చూడండి. సంపన్నుల బడుల నుంచి వచ్చినవాళ్లు, పూల్, బోర్న్‌మత్ పట్టణాల శ్రామిక కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు కలిపి ఇరవై మందికి కాస్త అటూఇటూ ఉన్న పిల్లలు. వాళ్లను తోడేళ్లు, ఎద్దులు లాంటి పేర్లతో నాలుగు పెట్రోళ్లుగా, అంటే చిన్న జట్లుగా చేశాడు. ఆ కొద్దిమందికి ఆయనతో పాటు మరికొందరు పెద్దవాళ్లు తోడున్నారు. కుడూ అనే ఆఫ్రికా జింక కొమ్ము బూరతో తెల్లవారగానే లేపినా, మధ్యాహ్న భోజనం తర్వాత అందరికీ తప్పనిసరి విశ్రాంతి పెట్టాడు. ఆ దినచర్య రాసిన మనిషి సైనికుడు. సైన్యాన్ని నడిపినవాడికి నిద్ర విలువ తెలుసు. కష్టానికి ఓర్చుకోవడం నేర్పాలంటే, ఆ కష్టం ఏదో, ఎంతసేపో ముందే నిర్ణయించుకుని పెట్టాలి. కొండ ఎక్కడం అలాంటి కష్టం. ఎవరూ లెక్క వేయకపోవడం వల్ల మీద పడే నిద్రలేమి అలాంటిది కాదు.

ఒంటి అలసట కంటే బయటికి కనబడని బరువు మరొకటి ఉంది. పన్నెండేళ్ల పిల్లవాడు రాత్రిపూట ఏడుస్తాడు. ఇంకొకడు తరగతి మధ్యలో, ఇంట్లో తనకు జరుగుతున్నది ఏదో చెప్పేస్తాడు. తోటివాళ్లు వేధిస్తున్నారని మూడోవాడు భోజనం మానేస్తాడు. ఇవన్నీ ముందు చేరేది పదిహేడేళ్ల సిబ్బంది చెవినే. ఈ విషయంలో అమెరికా స్కౌట్ సంస్థ ఎంత భయంకరమైన అనుభవం నుంచి నేర్చుకోవలసి వచ్చిందో లోకానికి తెలుసు. లైంగిక వేధింపుల దావాల భారంతో ఆ సంస్థ 2020 ఫిబ్రవరి 18న కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. 82,000 మందికి పైగా బాధితులు ముందుకు వచ్చారు. పరిహారానికి 246 కోట్ల డాలర్ల నిధికి ఒప్పుకోవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి అది స్కౌటింగ్ అమెరికా అనే పేరుతో నడుస్తోంది. ఈ రోజు అక్కడి నియమాలు కఠినంగానే ఉన్నాయి. ఏ కార్యక్రమంలోనైనా ఇరవై ఒకటి నిండిన పెద్దవాళ్లు ఇద్దరు ఉండాలి. పెద్దవాళ్లెవరూ పిల్లవాడితో ఏకాంతంగా ఉండకూడదు. అనుమానం వస్తే తప్పనిసరిగా ఫిర్యాదు చేయాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. సిబ్బందిలో పద్దెనిమిది నిండనివాళ్లు కూడా ఈ నియమాల ప్రకారం పిల్లలే. జీతం తీసుకుంటున్నా, పిల్లలకు పాఠం చెప్తున్నా, వాళ్లకూ అదే రక్షణ దక్కాలి. పద్దెనిమిది నుంచి ఇరవై దాకా ఉన్నవాళ్ల స్థితి ఇంకా చిత్రం. పెద్దవాళ్లకుండే కట్టుబాట్లన్నీ వాళ్ల మీద ఉంటాయి, ఆ ఇద్దరు పెద్దల లెక్కలో మాత్రం వాళ్లు రారు. ఈ మధ్యస్థితిలో ఉన్న కుర్రకారు ఎక్కువగా నడిపే క్యాంపులో, నిజంగా పెద్దవాళ్లు చాలినంతమంది, రోజంతా అందుబాటులో లేకపోతే నియమం రాసినవాళ్ల ఉద్దేశం నెరవేరదు. పిల్లవాడు చెప్పిన మాట విని చేతులు వణికిన పదిహేడేళ్ల అమ్మాయి ఆ రాత్రే ఒక పెద్ద మనిషి దగ్గర కూర్చుని చెప్పుకోగలగాలి. పైవాళ్లకు తెలియజేయడంతో ఆమె బాధ్యత తీరవచ్చు, ఆమె మనసులోని బరువు తీరదు. ఇటీవల కొన్ని క్యాంపులు మానసిక ఆరోగ్యం చూసేందుకు విడిగా ఒక మనిషిని పెట్టుకుంటున్నాయి. అది ప్రతి క్యాంపులోనూ ఉండాలి. ఆ మనిషి పిల్లలకు ఎంతో, సిబ్బందికీ అంతే చెందాలి.

అత్యవసర సమయాల్లో ఈ అండకు, శిక్షణకు ఉన్న విలువ బయటపడుతుంది. 2008 జూన్ 11 సాయంత్రం అయోవా రాష్ట్రంలోని లిటిల్ సూ స్కౌట్ రాంచ్ మీద సుడిగాలి విరుచుకుపడింది. నాయకత్వ శిక్షణ కోసం వచ్చిన తొంభై మందికి పైగా కుర్రవాళ్లు, పాతిక మంది సిబ్బంది అప్పుడు అక్కడున్నారు. నలుగురు పిల్లలు చనిపోయారు, పదుల మంది గాయపడ్డారు. కూలిన చెట్లు దారులు మూసేస్తే, బయటి సహాయం చేరేదాకా గాయాలకు కట్లు కట్టింది, శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లను తీసింది ఆ కుర్రవాళ్లే. వాళ్ల ధైర్యాన్ని దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. అయితే ఆ ధైర్యానికి ఆసరాగా చేతులకు అలవాటైన ప్రథమ చికిత్స సాధన ఉందన్నది మరిచిపోకూడదు. దీనికి ఎదురు ఉదాహరణ 2023 ఆగస్టులో దక్షిణ కొరియాలోని సెమాంగుమ్‌లో జరిగిన ప్రపంచ స్కౌట్ జంబోరీ. దాదాపు 43,000 మంది చేరిన ఆ మైదానంలో నీడ చాలలేదు, మరుగుదొడ్ల శుభ్రత చాలలేదు. వందల మందికి వడదెబ్బ తగిలింది. నాలుగున్నర వేల మంది ఉన్న బ్రిటిష్ బృందం, ఆ వెంటనే అమెరికా బృందం మధ్యలోనే వెళ్లిపోయాయి. చివరికి తుఫాను భయంతో అందరినీ ఖాళీ చేయించారు. అక్కడ సేవ చేయడానికి వచ్చిన వేలాది యువజనుల్లో శ్రద్ధకు లోటు లేదు. నీడా నీళ్లూ ఏర్పాటు చేయవలసినవాళ్లు చేయనప్పుడు ఆ శ్రద్ధ ఒక్కటే ఎవరినీ ఎండ నుంచి కాపాడలేకపోయింది.

ఇక డబ్బు. బలమైన అభ్యంతరం ఇదే, దీన్ని తేలిగ్గా తోసేయలేం. మనుషుల్ని పెంచితే ఫీజు పెరుగుతుంది, ఫీజు పెరిగితే పేద కుటుంబాల పిల్లలు క్యాంపుకు దూరమవుతారు అని నిర్వాహకులు అంటారు. నిజమే. ఏడాదిలో కొద్ది నెలలే నడిచే క్యాంపులకు అమెరికా కార్మిక చట్టం కనీస వేతనం నుంచి, ఓవర్‌టైమ్ నుంచి మినహాయింపు ఇచ్చింది కూడా. అందుకే యువ సిబ్బందికి వారానికి దక్కే మొత్తం చాలాచోట్ల కొన్ని వందల డాలర్లు దాటదు. కానీ ఆ మినహాయింపు తక్కువ జీతం ఇవ్వడానికి మాత్రమే. నిద్ర, సెలవు, పర్యవేక్షణ తగ్గించమని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు. పైగా డబ్బు అక్కర్లేని మార్పులే ఎక్కువ. రాత్రి పదిన్నరకు పెట్టే సమావేశాన్ని మధ్యాహ్న విరామానికో, రాత్రి భోజనానికి ముందుకో జరపవచ్చు. క్యాంప్ ఫైర్‌కు అందరూ కాకుండా వంతులవారీగా రావచ్చు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు అంటే నిజంగా ఇరవై నాలుగు గంటలు ఇవ్వవచ్చు. ప్రస్తుతం శనివారం ట్రూపులు వెళ్లాక మొదలై, ఆదివారం కొత్త ట్రూపులు రాకముందే ముగిసే ఆ కొద్ది గంటలను చాలా క్యాంపులు వారాంతపు సెలవు అంటున్నాయి. అందులో బట్టలు ఉతుక్కోవడానికే సగం పోతుంది. డబ్బు కావలసిన చోట కూడా లెక్క వేసి చూద్దాం. వారానికి మూడు వందల మంది పిల్లలు వచ్చే క్యాంపులో ఒక్కొక్కరి మీద పది డాలర్లు పెంచితే మూడు వేల డాలర్లు వస్తాయి. దానితో లైఫ్ గార్డుల వంతులకు, వంటగదికి అదనంగా కొంతమందిని పెట్టుకోవచ్చు. ఆ పది డాలర్లు కూడా ఇవ్వలేని పిల్లలకు ఉపకార నిధి నుంచి సాయం చేయవచ్చు, అలాంటి నిధులు చాలాచోట్ల ఇప్పటికే ఉన్నాయి. పేదపిల్లల పేరు చెప్పి అలసిన కాపలాదారు చేతికి ఆ పేదపిల్లల్నే అప్పగించడం సరికాదు.

వంటగది మాట వచ్చింది కనుక మన ఇళ్లకు సంబంధించిన సంగతి ఒకటి. శాకాహారం, గుడ్డు తినకపోవడం, వేరుశనగ పడకపోవడం లాంటి వివరాలు తల్లిదండ్రులు ఫారంలో రాసి పంపుతారు. ఆ కాగితం చివరికి చేరేది వడ్డించే కిటికీ దగ్గర నిలబడ్డ పదిహేనేళ్ల పిల్లవాడి దగ్గరికే. రెండు వందల మంది వరసలో ఉండగా, ఏ పాత్రలో ఏముందో తెలియకపోతే 'ఇందులో మాంసం లేదనుకుంటా' అని చెప్పేస్తాడు. అది అతని తప్పు అనలేం. ప్రతి పూటకు ముందు వంటమనిషి వచ్చి ఏది ఏమిటో చెప్పి, ప్రత్యేక పళ్లేలను వేరుగా పెట్టి, సందేహం వస్తే అడగడానికి ఒక పెద్ద మనిషిని పక్కన ఉంచితే ఆ 'అనుకుంటా' అన్న మాట రాదు. సిబ్బందికి ఇచ్చే అండ పిల్లవాడి కంచం దాకా చేరే దారి ఇది.

ఇంకో అభ్యంతరం స్కౌట్ నాయకుల నుంచే వస్తుంది. పెద్దవాళ్ల జోక్యం ఇంత పెంచితే యువతకు బాధ్యత ఏం మిగులుతుంది, పెట్రోల్ లీడర్‌కు పగ్గాలు ఇచ్చే పద్ధతే చచ్చిపోతుంది కదా అని. ఈ భయంలో నిజం ఉంది. ప్రతి తరగతిలో ఒక పెద్దాయన వెనక నిలబడి తప్పులు దిద్దుతూ ఉంటే ఆ కుర్రవాడు ఏమీ నేర్చుకోడు. నేను అడుగుతున్న అండ అలాంటిది కాదు. పాఠం అతన్నే చెప్పనివ్వాలి, ఎలా చెప్పాలో అతన్నే తేల్చుకోనివ్వాలి. అయితే 'ఈ రోజు ఉరుములు వస్తున్నాయి, పడవలు దించను' అని ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయి అన్నప్పుడు, ఎదురుగా ఉన్న ట్రూపు నాయకుడు ఎంత కసురుకున్నా, క్యాంప్ డైరెక్టర్ ఆ మాటను నిలబెట్టాలి. కాదనే అధికారం లేని బాధ్యతను బాధ్యత అనలేం. పెద్దవాళ్లు వెనక గట్టిగా నిలబడిన చోటే కుర్రవాళ్లు ముందుకు వచ్చి నిర్ణయాలు చేయగలుగుతారు.

మన దేశంలోనూ ఈ ప్రశ్న ఉంది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది, 1953లో మొదటి జాతీయ జంబోరీ హైదరాబాదులోనే జరిగింది. ఈ రోజు తిరుమల బ్రహ్మోత్సవాల జనసందోహంలో భక్తులకు సేవ చేసే స్కౌట్లను, గైడ్లను మనం చూస్తూనే ఉంటాం. వాళ్లది ఉచిత సేవ, దాని మీద మనకు గౌరవం ఉంది. ఆ గౌరవం ఉంది కనుకనే వాళ్లు ఎన్ని గంటలకు వంతు మారుతున్నారు, ఎండలో నిలబడినవాళ్లకు మజ్జిగ ఎవరు అందిస్తున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు అని అడగడం మన పని. వేసవిలో జిల్లా స్థాయి శిబిరాలు నడిపే ఉపాధ్యాయులు, వాళ్లకు సాయంగా వచ్చే రోవర్లు, రేంజర్లు అనే పెద్ద వయసు స్కౌట్లు, గైడ్ల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

అమెరికాలో ఉన్న శ్రోతల్లో కొందరి పిల్లలు ఇప్పటికే స్కౌట్లు, మరికొందరి పిల్లలకు పదిహేనో పదహారో వచ్చి వచ్చే వేసవిలో సిబ్బందిగా చేరతామంటారు. జీతం చూసి, పరీక్షల కోచింగ్ చూసి వద్దనకండి. ముందు ఆ క్యాంపును కొన్ని విషయాలు అడగండి. లైఫ్ గార్డుల వంతులు ఎంతసేపటికి మారతాయి? సిబ్బంది దీపాలు ఆర్పే వేళ ఎప్పుడు, దాన్ని ఎవరు చూస్తారు? సెలవు ఎన్ని గంటలు? పద్దెనిమిది నిండనివాళ్ల టెంట్ల దగ్గర బాధ్యత ఎవరిది? పోయిన ఏడాది సిబ్బందిలో ఎంతమంది తిరిగి వచ్చారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మీకు చాలా చెప్తుంది, ఎందుకంటే సరిగా చూసుకున్న చోటికి కుర్రవాళ్లు తక్కువ జీతానికైనా తిరిగి వస్తారు. మీ ప్రాంతపు స్కౌట్ కౌన్సిల్‌లో క్యాంపుల సంగతి చూసే స్వచ్ఛంద కమిటీ ఉంటుంది, అందులో తల్లిదండ్రులు కూర్చోవచ్చు. వచ్చే వేసవికి ఫీజు ఎంత, సిబ్బంది ఎంతమంది అన్నది జూన్‌కు చాలా ముందే, చలికాలంలోనే ఖరారవుతుంది. అడగవలసిన వేళ అదే.